బుచ్చమ్మ నోరెందుకు నొక్కారు?

సంపాదకులకు,

మా ఊళ్లో జరిగిన గురజాడ జయంతి సభ గురించి మీరు వేసిన వార్త చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. ‘కన్యాశుల్కం హాస్య నాటికకు విశేష స్పందన’ అని శీర్షిక. నాటికట! పూర్తిగా ఆడితే ఒక పూట సరిపోని నాటకాన్ని నలభై నిమిషాలకు కోసి, గిరీశం చుట్ట, వెంకటేశం ఇంగ్లీషు, మధురవాణి చేత ఒక నృత్యం చూపించి తెర దించేశారు.

కూతురి పెళ్లి ఆపాలని నూతిలో దూకిన వెంకమ్మ లేదు. లుబ్ధావధాన్లు విధవ కూతురు మీనాక్షి ఊసే లేదు. వెంకమ్మ పెద్దకూతురు, చిన్ననాడే విధవైన బుచ్చమ్మ ఉంది గానీ, గిరీశం మాటలకు తల వంచుకుని నిలబడడానికే. చివర ఆమె పూనా విడోస్ హోమ్ (వితంతువుల ఆశ్రమం) దారి పట్టే ఘట్టానికి తీరిక లేకపోయింది. మగవేషం వేసుకుని వెళ్లి ముసలి పెళ్లికొడుకు లుబ్ధావధాన్లును ఖూనీ కేసునుంచి బయటపడేసింది మధురవాణే అని చూసిన పిల్లల్లో ఒక్కరికైనా తెలిసి ఉండదు.

తీరిక ఎలా ఉంటుంది? ముఖ్య అతిథిగా వచ్చిన అధికారి గంటన్నర ఆలస్యం. ఆపై ‘ఇప్పుడు కన్యాశుల్కమే లేదు, ఇది పాతబడిన కథ’ అని ఉపన్యాసం. నిజమే, డబ్బు దిక్కు మార్చుకుంది. అప్పుడు పిల్ల తండ్రి పుచ్చుకునేవాడు, ఇప్పుడు పిల్లవాడి తండ్రి పుచ్చుకుంటున్నాడు. 1961 నుంచి వరకట్న నిషేధ చట్టం ఉంది. వేదిక మీది పెద్దలు కొడుకులకు ఎంత తీసుకున్నారో రాయను, ఊరు చిన్నది.

1897 ప్రచురణకు గురజాడ రాసిన ఇంగ్లీషు ముందుమాట ఆ అధికారి చదవవలసింది. విజయనగరం మహారాజు విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల జాబితా తీయిస్తే 1034 తేలాయి. వాటిలో ఏడాది వయసు పిల్లలు ముగ్గురు! ఆ లెక్క చూసి కడుపు మండినవాడు రాసిన నాటకంలో మనకు చుట్ట పొగ తప్ప ఏమీ కనిపించలేదు.

మా గ్రంథాలయంలో పుస్తకం అడిగితే ‘బైండింగుకు వెళ్లింది’ అన్నారు. రెండేళ్ల క్రితం అడిగినా అదే మాట. విగ్రహానికి పూలదండకు మాత్రం ఏటా నిధులుంటాయి. మీ విలేకరి అతిథి ఉపన్యాసానికి రెండు కాలమ్‌లు ఇచ్చి, బుచ్చమ్మ వేషం కట్టిన అమ్మాయి పేరైనా వేయలేదు. పది రోజులు రిహార్సల్‌కు తిరిగిన పిల్ల. ఆ పేరు రేపటి సంచికలోనైనా వేయండి.

– విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
విజయనగరం జిల్లా