పన్ను పీకారు సరే, ఆ ఖాళీకి కాపలా ఎవరు?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పిల్లల పాలదవడ పన్ను పీకాక మిగిలే ఖాళీని కాపాడే సంగతి మీద మీ పేషీకి ఇంతకుముందే మూడు వినతిపత్రాలు అందాయి. మూడూ 'పరిశీలనలో' ఉన్నాయట. మొదటిది ఇచ్చేనాటికి ఆరేళ్లున్న పిల్లల నోళ్లలో ఈపాటికి ఖాళీలు మూసుకుపోయి ఉంటాయి. ఫైలు కదలకపోయినా పళ్లు కదులుతాయండీ.

ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల సర్కారు పథకం) బృందం బడికి వస్తుంది. పళ్ల విషయంలో వాళ్లు ముఖ్యంగా చూసేది పుచ్చుపళ్లనే. వరుస ఎలా ఉందో చూడమని ఎవరూ చెప్పలేదు. పాలదవడ పన్ను పుచ్చితే ఏరియా ఆసుపత్రికి పంపుతారు. అక్కడ పన్ను పీకి, దూది కరిపించి, "పాలపన్నే కదమ్మా, మళ్లీ వస్తుందిలే" అని తల్లికి చెప్పి పంపేస్తారు. రిజిస్టరులో చికిత్స పూర్తి.

నిజానికి చికిత్స మొదలవ్వాల్సింది అక్కడే. రెండో పాలదవడ పన్ను ఆరేడేళ్లకే పోతే దాని చోట రావాల్సిన పన్ను 10-12 ఏళ్లకు గాని రాదు. అన్నాళ్లూ వెనకున్న ఆరేళ్ల దవడపన్ను (ఆరేళ్లప్పుడు వచ్చే శాశ్వత దవడపన్ను) ఊరుకోదు, ముందుకు ఒరుగుతుంది. ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లోనే జరిగిపోతుంది, పైదవడలో ఇంకా త్వరగా. ఆనక రావాల్సిన పన్ను చిగురు కిందే ఇరుక్కుంటుంది, లేదా నాలుకవైపు మొలుస్తుంది. పైన అయితే చోటు చాలక కోరపన్ను ఎత్తుగా బయటికి తోసుకొస్తుంది. అప్పుడు క్లిప్పులు, ఏడాదిన్నర, రెండేళ్లు, ప్రైవేటు బిల్లు.

దీన్ని ఆపేది పంటి చుట్టూ తొడిగే ఒక స్టీలు బ్యాండు, ఖాళీకి అడ్డంగా నిలిచే 0.9 మిల్లీమీటర్ల తీగ. ఆరేళ్ల దవడపన్నుకు బ్యాండు సరిచూసి, ఆల్జినేట్ అనే అచ్చుల ముద్దతో అచ్చు తీసి, తీగను లూప్‌గా వంచి వెండి టంకంతో (సిల్వర్ సోల్డర్) అతికి, గ్లాస్ అయనోమర్ అనే పళ్ల సిమెంటుతో బిగిస్తే సరి. రెండుసార్లు రావాలంతే. లూప్ చిగురుకు ఒక మిల్లీమీటరు ఎడంగా, కొత్త పన్ను మధ్యలోంచి దూరి వచ్చేంత వెడల్పుగా ఉండాలి.

బిగించి వదిలేసినా ముప్పే. సిమెంటు కరిగితే బ్యాండు కింద తిండి చేరి ఆరేళ్ల పన్నే పుచ్చుతుంది. అతుకు విరుగుతుంది, లూప్ చిగురులోకి దిగబడుతుంది. అందుకే మూడు నుంచి ఆరు నెలలకోసారి చూడాలి, కొత్త పన్ను కనిపించగానే తీసేయాలి. మళ్లీ రావాల్సిన తేదీ రాసుకోవడానికి ఇప్పుడున్న రిజిస్టరులో ఒక గీత కొడితే చాలు, యాప్ అక్కర్లేదు. దయచేసి యాప్ చేయించకండి.

ఏడేళ్లకే అందరికీ క్లిప్పులు వేయించమని అడగడం లేదు. ఎనిమిదేళ్ల పిల్ల ముందుపళ్ల మధ్య సందు చూపించి తల్లిదండ్రులను భయపెట్టే క్లినిక్కులున్నాయి. ఆ సందు చాలామందిలో కోరపళ్లు దిగాక దానంతటదే పూడుతుంది. కానీ ముందరి పైపన్ను కిందిపన్ను వెనక ఇరుక్కుంటే మాత్రం ఆగకూడదు. ఆగితే కిందిపన్ను చిగురు దిగిపోతుంది. దానికీ పన్నును ముందుకు నెట్టే జడ్ స్ప్రింగు (Z ఆకారపు తీగ) ఉన్న చిన్న ప్లేటు చాలు, కొన్ని నెలల్లో సర్దుకుంటుంది.

మన ఏరియా ఆసుపత్రుల్లో డెంటల్ కుర్చీ ఉంది, పళ్లు పీకే పటకార్లున్నాయి, డాక్టరూ ఉన్నారు. బ్యాండ్ల పెట్టె లేదు, సోల్డరింగ్ చేసే టెక్నీషియన్ లేడు. 'విజయవాడో కడపో వెళ్లండి' అంటారు, సర్కారు డెంటల్ కాలేజీలు ఉన్నది అక్కడే గనుక. ఇచ్ఛాపురం కూలితల్లి ఒక తీగ ముక్క కోసం రెండుసార్లు రాత్రంతా రైల్లో కూర్చోవాలా? కూలి ఎవరిస్తారు?

బ్యాండ్లు ఇప్పించండి. జిల్లాకొక టెక్నీషియన్‌నైనా వేయండి. బడిలో చేసే ఆరోగ్య పరీక్షలో పళ్ల వరుస కూడా చూడమనండి. అవేవీ కుదరకపోతే, ఆరేడేళ్ల పిల్లకు పాలదవడ పన్ను పీకిన ప్రతిసారీ ఖాళీ సంగతి తల్లికి చెప్పి చీటీ మీద రాయమని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి. దానికి బడ్జెట్టూ అక్కర్లేదు.

ఈసారి లేఖతోపాటు ఒక బ్యాండు, జానెడు తీగ కవరులో పెడుతున్నాం. గుచ్చుకోకుండా చూసి తెరవమని పేషీ సిబ్బందికి మనవి.

ఇట్లు,
పిల్లల దంతవైద్యులు కొందరు