బడి గేటుకీ ఇంటికీ నడుమ

అయ్యా,

నెల్లూరులో ఓ కాలనీ సందు మొదట్లో నాకు జిరాక్స్ షాపుంది. బడి వదిలాక పిలకాయలతో కిటకిటలాడుతుంది. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు మాత్రం అందరూ వెళ్లిపోయినా పెన్నులు చూస్తూ నిలబడతాడు. కొనేదేమీ ఉండదు. కొన్నాళ్లు చూసి, ఏందబ్బా అని అడిగాను. సందు మలుపులో అరుగు మీద కూర్చునే పెద్ద కుర్రాళ్లు లేచిపోయేదాకా ఆగుతున్నాడట. వాడికి నత్తి. "పేరు చెప్పు, వదిలేస్తాం" అంటారట. ఆ పేరులో మొదటి అక్షరమే వాడికి పెగలదు. ఒకరోజు వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టారు.

ఇప్పుడు పొద్దున్నే కడుపునొప్పి అంటున్నాడు. స్కానింగ్ తీయిస్తే ఏమీ లేదన్నారు. వాళ్ల నాయన బడికెళ్తే, గేటు బయట జరిగేది మాకెలా తెలుస్తుందన్నారు. కాలనీ పెద్దలేమో పిలకాయల గొడవలు బడివాళ్లే చూసుకోవాలన్నారు. ఆ సందులో వీధిదీపం వెలగక నెలలైంది. పొద్దుగూకితే మందు సీసాలే. ఆడపిల్లలు చుట్టు తిరిగి పోతారు.

నేనూ చిన్నప్పుడు ఒకణ్ని 'నత్తోడా' అని పిలిచి నవ్వినవాణ్నే. అరుగు మీదవాళ్లూ పదహారు, పదిహేడేళ్లవాళ్లే. మెకానిక్ షెడ్లలో ఓనర్లు వాళ్లని తిట్టే తిట్లు రోజూ వింటుంటాను. వాళ్లని పట్టుకుని కొడితే సరిపోతుందని నేననుకోను.

2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13–17 ఏళ్లవారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. నలభైమంది క్లాసులో ముగ్గురన్నమాట. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన అమ్మాయి కేసులో, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కౌన్సెలర్ ఉండాలని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది. మంచిదే. కానీ కౌన్సెలర్‌తో గంట మాట్లాడినా, సాయంత్రం వాడు నడవాల్సింది ఆ సందులోనే కదా! ముందు ఆ దీపం వేయించండి. బడి వదిలే అరగంట ఒక టీచరు మలుపుదాకా రావాలి, బీటు కానిస్టేబులు ఒక చుట్టు తిరగాలి.

మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కాగితం మీద రాసి షాపు అద్దానికి అంటించాను. ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. మొన్న ఒకావిడ బిడ్డ నోటుబుక్కు జిరాక్స్ తీయించుకుంటూ, ఎవరూ చూడకుండా ఆ నంబరు కాగితాన్ని ఫొటో తీసుకుంది.

నా పేరు వేయొద్దని మనవి. షాపు తెలిస్తే ఆ కుర్రాడెవరో తెలిసిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, నెల్లూరు