శీనూ, నాన్న మింగాడ్రా

విశాఖపట్నం,
శుక్రవారం రాత్రి

ఒరే శీనుగా,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, తప్పులేదు. అందరం బాగున్నాం. బుజ్జిదానికి పరీక్షలయ్యాయి, మేడ మీద గది కారడం మానలేదు, ఎదురింటి ‘కలెక్టరు’ గారు ఇంకా రోడ్డు మీదే కారు కడుగుతున్నారు. వార్తలంటే ఇవే. అసలు సంగతి వేరే ఉంది, అది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

నాన్న విషయంరా. నాలుక మొదట్లో క్యాన్సరు గడ్డ కదా, ఆపరేషన్ లేకుండా ఏడు వారాలు, వారానికి అయిదు రోజులు కరెంటు, అదే రేడియేషను, పెట్టారు, మధ్యమధ్యలో కీమో. గడ్డ కరిగిందన్నారు. హమ్మయ్య గట్టెక్కాం అనుకునేసరికి తిండి దగ్గర మొదలైంది రామాయణం. ఉమ్మి ఊరదు. మెతుకు గొంతులో అతుక్కుపోతుంది. ఇడ్లీ కూడా పొడిగా ఉంది తీసెయ్యమంటాడు. నీళ్ళు, మజ్జిగ, కొబ్బరినీళ్ళు మాత్రం హాయిగా దిగుతున్నాయని ఆయనకాయనే తేల్చేసుకున్నాడు. “చూడ్రా, ఒక్క దగ్గయినా వచ్చిందేటి?” అని గ్లాసు బోర్లించి మరీ చూపించేవాడు. దగ్గు రాని మాట నిజమే. జ్వరం మాత్రం వదిలేది కాదు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింద నెమ్ము. మందులకు తగ్గడం, మళ్ళీ రావడం. అమ్మ సముద్రపు గాలి మీదకి నెట్టేసింది. డాక్టరుగారు మాత్రం స్పీచ్ థెరపిస్టుకి చూపించమని చీటీ రాశారు. “మాట బానే వస్తంది కదా, ఆవిడతో నాకేటి పని?” అని దారంతా నాన్న సణుగుడు. మింగడం సరిచేసేదీ వాళ్ళేనట. నాకూ అప్పుడే తెలిసింది.

అక్కడ వరండాలో శ్రీకాకుళం వైపు ముసలమ్మలు కనిపించారు. చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చీ పీల్చీ అంగిట్లో క్యాన్సరు తెచ్చుకున్నవాళ్ళు. ఒకామెకి అంగిలి కొంత తీసేశారట, జావ తాగితే ముక్కులోంచి వచ్చేస్తోందని కట్టుడుపళ్ళ డాక్టరు చేత ఆ కన్నానికి అడ్డుపలక చేయిస్తున్నారు. మా నాయనమ్మ మనిద్దరికీ నిప్పు మింగే ఇంద్రజాలం చూపించేది, గుర్తుందా? నువ్వు చప్పట్లు కొట్టేవాడివి. నాకు ఆ ముసలమ్మ వైపు చూడబుద్ధి కాలేదు.

సరే, పరీక్ష. ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం గొంతు పైదాకా దించారు. 1988లో సుసాన్ లాంగ్‌మోర్ అనే అమెరికా ఆవిడ, ఆమె తోటివాళ్ళు కలిసి ఈ పద్ధతి గురించి రాశారని థెరపిస్టు గొట్టం సర్దుతూ చెప్పింది. నాన్న కంగారు తగ్గించడానికి అనుకుంటా. నీళ్ళలో ఆకుపచ్చ రంగు కలిపి ఓ చెంచాడు ఇచ్చింది. మింగే క్షణంలో తెర అంతా తెల్లబడిపోతుందిరా, ఏమీ కనపడదు. మళ్ళీ కనపడేసరికి స్వరపేటిక మీదుగా ఆకుపచ్చ చార. కిందికి, ఊపిరి వెళ్ళే గొట్టంలోకి. ఆవిడ మాట్లాడకుండా ఆగింది, దగ్గొస్తుందేమోనని. రాలేదు. నాన్న నా వైపు తిరిగి కనుబొమలెగరేశాడురా, ‘చూశావా, ఎంత బాగా మింగానో’ అన్నట్టు.

నాకు కాళ్ళు ఆడలేదు. తాగిన ప్రతి గ్లాసులోంచీ ఎంతో కొంత అటే పోతోందన్నమాట. కరెంటుకి కండరాలు బిగిసిపోవడమే కాదట, దారి తప్పినదాన్ని దగ్గించి తరమాల్సిన చోట స్పర్శే మొద్దుబారింది. పైగా నీళ్ళు జారిపోయేంత వేగంగా గొంతు మూసుకోలేకపోతోంది. ఆ డాక్టరుగారు చీటీ రాయకపోయి ఉంటే... సరేలే.

అప్పుడు చిక్కటి రాగిజావ ఇచ్చింది. ఊపిరి గొట్టం వైపు పోలేదు, కాకపోతే ఎడమ పక్క గొంతులో కుప్పగా ఉండిపోయింది. “ఇప్పుడు తల పూర్తిగా ఎడమకి తిప్పి గట్టిగా మింగండి బాబూ” అంది. బలం లేని వైపు తిరిగితే ఆ దారి మూసుకుని, తిండి మంచి వైపు నుంచి దిగుతుందట. తిప్పాడు. తెర తెల్లబడింది. మళ్ళీ చూస్తే గొంతు ఖాళీ! నేను గట్టిగా ‘అయిపోయింది’ అని అరిచాను. నర్సు విసుక్కుంది.

ఇక అసలు తమాషా ఇంట్లో. నీళ్ళలో కూడా చిక్కబరిచే పొడి కలపాలి, తిన్న ప్రతిసారీ నోరు కడగాలి, నోట్లో క్రిములే నెమ్ముకి మూలమట. ఇంకా ప్రతి ముద్దకీ ఎడమకి తిరగాలి. భోజనాల దగ్గర నాన్నకి ఎడమ పక్క ఎవరు కూర్చుంటారో నీకు తెలుసు కదా? బాబాయి! పెందుర్తి స్థలం గొడవ దగ్గర్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ముద్ద పెట్టుకుని నాన్న మొహం అటు తిప్పాడు. బాబాయి కంగారుపడి “ఏటన్నయ్యా?” అన్నాడు. నోట్లో ముద్ద, జవాబివ్వలేడు. మింగి, రెండోసారి మింగి, “ఏట్లేదు, డాక్టరమ్మ తిరగమంది” అన్నాడు. అమ్మ వంటింట్లోకి పారిపోయింది నవ్వాపుకోలేక. వాళ్ళు ఈ జన్మకి మాట్లాడుకోరని పందెం కాశావు. బీచిలో మురీ మిక్చరు బాకీ నువ్వు, రాసిపెట్టుకో.

మసాకో అని ఇంకో కసరత్తు ఉంది. నాలుక కొస పళ్ళ మధ్య పట్టుకుని ఒట్టి గుటక వెయ్యాలి, తిండితో మాత్రం చెయ్యకూడదు. అది కనిపెట్టిన జపానావిడ పేరట. “మీ మసాకో వచ్చే టైమయింది” అని అమ్మ రోజూ ఏడిపిస్తోంది. గొంతు కండరాల్లో ఈ బిగుతు ఏళ్ళు గడిచాక కూడా పెరగొచ్చు కాబట్టి మానొద్దన్నారు. పగలు నవ్వుకుంటాం గానీ, రాత్రి ఆయన కాస్త గురక మార్చినా లేచి కూర్చుంటున్నాను.

వంజరం పులుసు కావాలంటున్నాడు. కారం లేకుండా, ముల్లు తీసి, మెత్తటి అన్నంలో పిసికి... ఉండు, ఆ పొడి డబ్బా ఎక్కడ పెట్టావని అమ్మ కేకలేస్తోంది. ఆపేస్తున్నా. నీ కాకినాడ పెళ్ళిచూపులు ఏమయ్యాయో వెంటనే రాయి, ఈసారైనా నిజం

నీ,
రాంబాబు