మన కాలనీ సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవనీయులైన సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన సంఘం చేసిన పనులను ఈ సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాను. వినాయక చవితి, సంక్రాంతి ముగ్గుల పోటీలు, కంటి పరీక్షల శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. వాటి జమాఖర్చులు కోశాధికారిగారు చదువుతారు. నేను మాత్రం మన పిల్లల ఉద్యోగ శిక్షణ గురించే ఎక్కువగా చెబుతాను. కార్యవర్గం సమయంలో సగానికి పైగా దానికే పోయింది, పోవలసిందే కూడా.

తిరుపతి చుట్టుపక్కల పని లేదనే మాట ఇప్పుడు చెల్లదు. కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు, రాచగున్నేరిలో ఇనుప పైపుల ఫ్యాక్టరీ మనకు ఎప్పటినుంచో తెలిసినవే. సత్యవేడు, తడ దగ్గరున్న పారిశ్రామిక నగరం శ్రీసిటీలో ఇసుజు వాహనాలు, ఆల్‌స్టమ్ మెట్రో రైలు పెట్టెలు తయారవుతున్నాయి. చిన్నపాండూరులో అపోలో టైర్లు, వికృతమాల దగ్గర ఎలక్ట్రానిక్స్ కంపెనీలు ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న కొత్తగా తిరుపతి జిల్లా ఏర్పడ్డాక సత్యవేడు, తడ రెండూ మన జిల్లాలోకే వచ్చాయి. మరి ఐటీఐ, డిప్లొమా పాసైన పిల్లలు మన వీధుల్లో ఎందుకు ఖాళీగా ఉన్నారు? ఏడాది మొదట్లో ఇంటింటికీ తిరిగి అడిగాం. ఉద్యోగం రాలేదని చెబుతారనుకున్నాం. ఎక్కువ ఇళ్లలో విన్నది వేరే మాట: "చేరినాడు సార్, నెల చేసినాడు, మానేసినాడు."

ఆ మాటతో మేం వేసుకున్న ప్రణాళిక మొత్తం మార్చాం. ఉద్యోగంలో చేర్పించగానే మన పని అయిపోయినట్టు కాదని, మొదటి మూడు నెలలు నిలబడేదాకా ఆ పిల్లవాడితో, ఆ ఇంటితో మాట్లాడుతూనే ఉండాలని తీర్మానించాం. ఏడాదంతా చేసింది అదే.

ముందు చేతిపని సంగతి చెబుతాను. ఫిట్టర్ ట్రేడ్ రెండేళ్లు చదివి పాసైన మన అబ్బాయి ఒకడు ఇంటర్వ్యూకి వెళ్లాడు. సన్నని కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్ అనే పరికరం, ఒక షాఫ్టు (గుండ్రటి కడ్డీ) ముక్క చేతికిచ్చి కొలత చెప్పమన్నారు. చెప్పలేకపోయాడు. తెలివి లేక కాదు, చదివినచోట బ్యాచ్ మొత్తానికి పనికొచ్చే వెర్నియర్లు రెండే ఉండేవట. రికార్డు పుస్తకంలో బొమ్మ అందంగా వేశాడు కానీ, పరికరం చేతిలో పట్టుకుంది రెండు మూడుసార్లే. ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదని వాళ్లమ్మ చెబుతుంటే నాకు చాలా కష్టమనిపించింది.

రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో పనిచేసి రిటైరైన మన సభ్యులొకరు ఈ విషయం విని, సొంత డబ్బుతో ఆరు వెర్నియర్లు కొని తెచ్చారు. కమ్యూనిటీ హాల్లో ఆదివారం ఉదయాలు క్లాసు. మొదటిరోజు వచ్చిన ఆరుగురికీ 2019 తర్వాత వచ్చిన రూపాయి బిళ్ల ఒకటే తిప్పి తిప్పి ఇచ్చారు. దాని వ్యాసం 20 మిల్లీమీటర్లు. పిల్లలు నాలుగు రకాల కొలతలు చెప్పారు. అప్పుడాయన దవడలు మూసి సున్నా గీతలు కలుస్తున్నాయో లేదో చూడమన్నారు. ఒక పరికరంలో కలవలేదు. ఆ తేడాను లెక్కలోకి తీసుకోకపోతే కొలిచిన ప్రతిదీ తప్పే అవుతుందని ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. తర్వాత షాఫ్టు ముక్క ఇచ్చారు. పెద్ద స్కేలు మీద 23 దాటింది, చిన్న స్కేలు మీద 17వ గీత పైగీతతో సూటిగా కలిసింది. ఒక్కో గీతకు 0.02 చొప్పున 0.34, మొత్తం 23.34 మిల్లీమీటర్లు. ఇంటర్వ్యూలో తడబడిన అబ్బాయి ఆ అంకె అందరికంటే ముందు చెప్పాడు. ఇప్పుడతను గాజులమండ్యం పారిశ్రామికవాడలో ఒక చిన్న వర్క్‌షాపులో ఉన్నాడు. ఎనిమిదో నెల నడుస్తోంది.

డైకిన్, బ్లూస్టార్ వంటివి శ్రీసిటీలో ఏసీలు తయారుచేస్తున్నాయి కాబట్టి రాగి గొట్టాలు అతికే పని కూడా నేర్పించాలనుకున్నాం. హాల్లో గ్యాస్ సిలిండర్లు పెట్టడం ప్రమాదమని కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. వారి మాటే సరైనది. ఏసీ సర్వీసు షాపున్న ఒక సభ్యుడు ఆదివారాలు తన షాపు తెరిచి ఇచ్చారు. ఆయన రెండు గొట్టాలు అతికించి, తర్వాత నిలువునా కోసి చూపించారు. లోపల నైట్రోజన్ పోనిస్తూ అతికినది తళతళలాడుతోంది. ఊరికే అతికినదానిలో మసిలాంటి నల్లపొర కట్టింది. ఆ పొర రాలి కంప్రెసర్‌లోకి పోతే మిషను పాడవుతుంది. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32 గ్యాసుకు కొద్దిగా మండే గుణం ఉంది కనుక, పాతకాలం మెకానిక్కుల అలవాట్లు దీనికి పనికిరావని కూడా గట్టిగా చెప్పారు. పిల్లలు ఆ కోసిన ముక్కలు అడిగి ఇంటికి తీసుకెళ్లారు.

జీతం విషయంలో జరిగిన ఒక పొరపాటు మనదే. మొదటి బ్యాచ్ పిల్లలకు కంపెనీ చెప్పిన జీతమే చెప్పాం, చేతికి ఎంత వస్తుందో చెప్పలేదు. మొదటి నెల జీతం పడగానే ఇద్దరు మోసపోయామనుకుని పని మానేశారు. రెండో బ్యాచ్ నుంచి పే స్లిప్ చదవడం పాఠంలో చేర్చాం. బేసిక్ (మూల వేతనం) పదివేలైతే అందులో 12 శాతం, అంటే 1,200 రూపాయలు, పీఎఫ్‌కు (భవిష్య నిధికి) పోతుంది. కంపెనీ కూడా తన వాటా కలుపుతుంది. ఆ డబ్బు ఎక్కడికీ పోదు, వాళ్ల పేరు మీదే ఉంటుంది. ఈఎస్ఐకి, అంటే ఉద్యోగుల వైద్య బీమాకు, జీతంలో పట్టేది 0.75 శాతం. దానికి బదులు ఇంట్లోవాళ్లకు కూడా వైద్యం దొరుకుతుంది. ఈ రెండు ముక్కలూ ముందే చెప్పి ఉంటే ఆ ఇద్దరూ ఇవాళ పనిలో ఉండేవాళ్లు. దీనికి కార్యదర్శిగా నేను క్షమాపణ చెప్పుకుంటున్నాను.

ఇంకో మాట. ఉద్యోగం ఇప్పిస్తానని ఒక మధ్యవర్తి మన నలుగురు పిల్లల దగ్గర డబ్బు తీసుకున్నాడు. ఫిర్యాదు ఇచ్చాం, డబ్బు ఇంకా రాలేదు. ఉద్యోగం కోసం ఎవరు డబ్బడిగినా ఇవ్వకండి, ముందు మాకు చెప్పండి.

ఆడపిల్లల విషయంలో అడ్డు పని రాకపోవడం కాదు, ఇంట్లో భయం. ఆ భయం తప్పని నేననను. అందుకే నవంబరులో ఒక బస్సు మాట్లాడి పద్దెనిమిది మంది తల్లులను శ్రీసిటీకి తీసుకెళ్లాం. ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఒకటి మనల్ని లోపలికి రానిచ్చింది. ఆడపిల్లలు వరుసగా కూర్చుని, స్టాటిక్ కరెంటు వల్ల భాగాలు పాడవకుండా మణికట్టుకు పట్టీ కట్టుకుని చిన్న చిన్న భాగాలు అమరుస్తున్నారు. మన అమ్మలు మిషన్లను కాసేపే చూశారు. హాస్టల్లో నీళ్లెట్లా వస్తాయి, బాత్‌రూము తలుపుకు గడియ ఉందా, నెలసరి రోజుల్లో సెలవడిగితే ఏమంటారు అని అడిగారు. హెచ్‌ఆర్ మేడం ఓపిగ్గా జవాబులు చెప్పింది. చివర్లో ఒకామె అడిగింది: "రెండో షిఫ్టు అయినాక బస్సు యాడ దించుతుంది మేడం? మా సందు మొగదాకా వస్తుందా?" రాదు, మెయిన్ రోడ్డు దాకానే. ఆ ప్రశ్న సంగతి చివర్లో మళ్లీ చెబుతాను.

చిన్న యజమానులతో కూడా రెండుసార్లు కూర్చున్నాం. నేర్పించి తయారుచేస్తే పిల్లలు పెద్ద కంపెనీకి వెళ్లిపోతున్నారన్నది వాళ్ల బాధ, అందులో న్యాయముంది. ముప్పైమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసేచోట అప్రెంటిస్‌లను (పని నేర్చుకుంటూ చేసేవాళ్లను) తీసుకోవడం చట్టప్రకారం తప్పనిసరి. నలుగురి నుంచి ఇరవై తొమ్మిది మంది దాకా ఉన్న షాపులు ఇష్టమైతే తీసుకోవచ్చు. వాళ్లకు ఇచ్చే స్టైపెండ్‌లో (నెలనెలా ఇచ్చే భృతిలో) నాలుగో వంతు, నెలకు గరిష్ఠంగా 1,500 రూపాయల దాకా, కేంద్రం భరిస్తుంది. ఈ వీలు ఉందని చాలామంది యజమానులకు తెలియదు. తెలిసినవాళ్లు పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోయారు. మన కాలనీ డిగ్రీ పిల్లలు ముగ్గురు సాయంత్రాలు వెళ్లి ఆ పని పూర్తిచేసి పెట్టారు. వాళ్లకు ఈ సభ తరఫున చప్పట్లు కొట్టాలని కోరుతున్నాను.

చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు క్వాలిటీ పరీక్షలు చేసే పిల్లలను తయారుచేయాలన్న ఆలోచన ఈ ఏడాది సాగలేదు. నేర్పేవాళ్లు దొరికేసరికి తోతాపురి కోతలు మొదలయ్యాయి, సీజన్లో ఎవరికీ ఊపిరి సలపదు. వచ్చేసారి ఫిబ్రవరిలోనే మొదలుపెడతాం.

ఇక ఆ తల్లి అడిగిన ప్రశ్న. మెయిన్ రోడ్డు నుంచి మన సందు మొదటిదాకా రెండు వీధి దీపాలు వెలగడం లేదు. అర్జీలు ఇచ్చాం, మళ్లీ ఇస్తాం. డిసెంబరు నుంచి రెండో షిఫ్టు బస్సు వచ్చే వేళకు ఇద్దరు సభ్యులు టార్చిలైటుతో ఆ మలుపులో నిలబడుతున్నారు. ఆ బస్సులోంచి మన ఆరుగురు అమ్మాయిలు దిగుతారు. ఆ ఆరుగురిలో ఒక్కరూ ఇప్పటిదాకా పని మానలేదు. మంగళ, శుక్రవారాలకు మనుషులు తక్కువ పడుతున్నారు. వీలున్నవాళ్లు సమావేశం అయ్యాక బల్ల మీదున్న రిజిస్టరులో పేరు రాయండి.

కార్యదర్శి