గుడ్డు వచ్చే దారి గురించి

చిరంజీవి తమ్ముడికి, అక్క దీవెనలు.

లేయర్లలో, అంటే గుడ్ల కోసం పెంచే పెట్టల్లో, అండవాహిక (గుడ్డు తయారై బయటికి వచ్చే గొట్టం) వాపు గురించి అడిగావు కదా. ఆ గొట్టంలో క్రిములే ఉండవనుకోకు. ఆరోగ్యంగా ఉన్న పెట్టలో ఎక్కువగా ల్యాక్టోబాసిల్లస్ అనే మేలుచేసే బ్యాక్టీరియా జాతులు కాపురముంటాయి. కింద యోనిభాగంలో దండిగా, తెల్లసొన ఊరే పైభాగంలో పలచగా. పైన తెల్లసొనలోని ప్రొటీన్లయిన లైసోజైమ్, ఇనుమును పట్టేసే ఓవోట్రాన్స్‌ఫెరిన్ కాపలా కాస్తే, కింద ఆ పని ల్యాక్టోబాసిల్లస్ తయారుచేసే లాక్టిక్ ఆమ్లం చేస్తుంది.

వాపు తెచ్చే ఈ.కోలై అనే పేగు బ్యాక్టీరియా రెట్టదారి నుంచి పైకి పాకుతుంది, లేదా ఎడమ పొట్టవైపు గాలిసంచి నుంచి, కొన్నిసార్లు రక్తం ద్వారా వస్తుంది. గుడ్డు పెట్టేటప్పుడు యోనిభాగం బయటికి తిరుగుతుంది గనుక మొదటి దారే నాకు ఎక్కువ భయం. బరువు రాని పుల్లెట్లకు (ఇంకా గుడ్లు మొదలుపెట్టని పడుచు పెట్టలకు) త్వరగా గుడ్లు రావాలని తొందరపడి లైటు పెంచితే వెనకభాగం జారుతుంది, పక్క కోళ్లు పొడుస్తాయి, రెట్టలోని క్రిములకు దారి దొరుకుతుంది. వాపు మొదలయ్యాక ల్యాక్టోబాసిల్లస్ వాటా పడిపోయి ఈ.కోలై కుటుంబానికి చెందిన ఎంటెరోబ్యాక్టీరియా పెరుగుతాయి. గోడ నుంచి ఊరిన ద్రవం, హెటెరోఫిల్ కణాలు (క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు) గడ్డకట్టి జున్నుముద్దలా తయారవుతాయి. ఆ ముద్దలోకి మందు సరిగా చేరదు. అలాంటి పెట్ట మళ్ళీ గుడ్డు పెడుతుందని ఆశ పెట్టుకోకు, ఏరి తీసెయ్యి.

గుడ్ల ద్వారా మనుషులకు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా ఎంటరిటిడిస్ అనే బ్యాక్టీరియా దీనికి పూర్తిగా వేరు. పెట్ట చలాకీగానే ఉంటుంది, పెంకు బాగానే ఉంటుంది, క్రిమి మాత్రం పెంకు కట్టకముందే లోపలికి చేరిపోతుంది. గుడ్డు కడిగితే పోయేది కాదు. ఉత్పత్తి తగ్గలేదని ధీమాగా ఉండకు.

నమూనా తీసేటప్పుడు అప్పుడే చనిపోయిన కోడినే కోయాలి. ఆలస్యమైతే పేగులోని ఈ.కోలై అంతటా పాకి ఫలితాన్ని పాడుచేస్తుంది. అండవాహిక పైపొరను కాల్చిన గరిటెతో అదిమి, స్టెరైల్ బ్లేడుతో చీల్చి లోపల స్వాబ్ (నమూనా తీసే దూదిపుల్ల) తిప్పు. అండాశయానికి, కాలేయానికి వేరే స్వాబులు. 4 డిగ్రీల చల్లదనంలో అదే రోజు ల్యాబ్‌కు పంపు. రెట్టదారి స్వాబ్‌ను బట్టి అండవాహిక సంగతి తేల్చలేం. సూక్ష్మజీవుల జన్యుపరీక్షకు పంపితే, ఏమీ తాకించని ఖాళీ స్వాబ్ ఒకటి జతచెయ్యి. పైభాగంలో క్రిములు తక్కువ గనుక చేతి మురికే ఫలితంలా కనిపించవచ్చు.

ఏ మందుకు ఆ క్రిమి లొంగుతుందో చెప్పే సెన్సిటివిటీ రిపోర్టు చూడకుండా నీళ్లలో యాంటీబయాటిక్ కలపొద్దు. అది ల్యాక్టోబాసిల్లస్‌నూ చంపుతుంది, గుడ్డులో అవశేషమూ మిగులుతుంది. ప్రోబయాటిక్ (మేలుచేసే బ్యాక్టీరియా మందు) పేగుకు పనికొస్తుంది గానీ, ముద్ద కట్టిన అండవాహికను అది బాగుచేయలేదు.

రిపోర్టు రాగానే ఫొటో పంపు.

మీ అక్క