బంగారు కుళాయి సంగతి ఎందుకు రాయలేదు?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో సింగపూర్ సేవాసంస్థల మీద వ్యాసం వచ్చి మూడు వారాలైంది. అప్పుడే రాసేవాణ్ణి, కంటి ఆపరేషన్ చేసిన డాక్టరు చదవడం రాయడం రెండూ వద్దన్నాడు. ఇప్పుడు చూపు బాగానే ఉంది. మళ్లీ చదివాను, మళ్లీ ఒళ్లు మండింది.

"నిజాయతీ అక్కడివాళ్ల రక్తంలోనే ఉంది" అని రాశారు. నేను సహకార శాఖలో ముప్పై మూడేళ్లు ఆడిట్లు చేసి రిటైరైనవాణ్ణి. రక్తంలో నిజాయతీ నాకెక్కడా కనబడలేదండీ, కనబడితే వోచర్లలో కనబడింది. మా అబ్బాయి సింగపూర్‌లో సెంగ్‌కాంగ్‌లో ఉంటాడు, ఏడాదికోసారి వెళ్లి నెలా రెండు నెలలు ఉండొస్తాం, కాబట్టి నాకూ కాస్త తెలుసు. ఆ వ్యాసం రాసినాయన అక్కడి నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ గురించి రెండు పేరాలు పొగిడి, 2005 సంగతి ఒక్క ముక్క కూడా ఎత్తలేదు. అది వదిలేసి అక్కడి సేవారంగం గురించి రాయడమంటే సత్యం రామలింగరాజు పేరెత్తకుండా హైదరాబాద్ ఐటీ చరిత్ర రాసినట్టే.

జరిగింది ఇదీ. కిడ్నీలు పాడైనవాళ్లకి డయాలసిస్ చేయించే సంస్థ అది. టీవీలో రాత్రిపూట పెద్ద పెద్ద షోలు పెట్టేవాళ్లు, సినిమా టీవీ నటులు ప్రాణాలకి తెగించి విన్యాసాలు చేస్తుంటే జనం ఏడ్చుకుంటూ ఫోన్లు చేసి డాలర్లిచ్చేవాళ్లు. 2004లో అక్కడి స్ట్రెయిట్స్ టైమ్స్ పత్రికలో ఒక విలేఖరి, ఆ సంస్థ సీఈఓ టి.టి. దురై గారి ఆఫీసు బాత్రూంలో బంగారు పూత కుళాయి పెట్టించారని రాసింది. ఆయన ఊరుకుంటాడా, పరువునష్టం దావా వేశాడు. అంతకుముందే, 1990లలో, ఆయన విమానంలో ఫస్ట్ క్లాసులో తిరుగుతాడని అన్న పాపానికి కొందరి మీద దావాలు వేసి క్షమాపణ చెప్పించి డబ్బు కట్టించాడు కూడా. ఈసారి అవతలిపక్క ఉన్నది పెద్ద పత్రిక, పెద్ద లాయరు. 2005 జూలైలో విచారణ మొదలైతే రెండో రోజుకే దావా వెనక్కి తీసుకున్నాడు. ఆ రెండు రోజుల్లోనే అన్నీ బయటికొచ్చాయి: ఏడాదికి ఆరు లక్షల సింగపూర్ డాలర్ల జీతం (ఇవాళ్టి లెక్కన మూడున్నర కోట్ల రూపాయలకి పైమాటే), నెలల తరబడి జీతం బోనసుగా, అవును, ఫస్ట్ క్లాసు ప్రయాణాలూ. మరి అంతకుముందు నిజం చెప్పి డబ్బు కట్టినవాళ్ల గతేమిటి? నిధుల సంగతి ఇంకా ఘోరం. మూడేళ్లకి మించి రావని బీద అరుపులు అరిచిన సంస్థ దగ్గర తీరా చూస్తే 26 కోట్ల డాలర్లకి పైగా మూలుగుతున్నాయి.

మాజీ ప్రధాని గారి సతీమణి ఆ సంస్థకి గౌరవ పోషకురాలు. అంత సంస్థ నడిపేవాడికి ఆరు లక్షలు పల్లీలతో సమానం అన్నారావిడ. ఆ పల్లీల మాట మీద ఊరు ఊరంతా లేచింది, వేలమంది నెలవారీ విరాళాలు ఆపేశారు, సంస్థ గోడ మీద రంగుతో రాతలు రాశారు, కార్యవర్గం మొత్తం రాజీనామా చేసింది, ఆవిడా ఆ మాట అన్నందుకు విచారం చెప్పి పదవి వదులుకున్నారు. దురై గారికి 2007లో మూడు నెలల జైలు పడింది, అదీ ఇరవై వేల డాలర్ల దొంగ ఇన్వాయిస్ ఒకటి దొరికినందుకు. (ఆడిట్‌లో ఎప్పుడూ ఇంతే, ఏనుగులు పోయినచోట దొరకవు, చీమ పోయినచోట కాగితం దొరుకుతుంది.) తర్వాత ఓ బౌద్ధ భిక్షువు ఆస్పత్రి నిధుల విషయంలో, ఆ తర్వాత ఓ పెద్ద చర్చి పాస్టరు తన భార్యగారి పాటల ఆల్బమ్‌ల కోసమూ, ఆ లెక్కలు కప్పిపుచ్చడం కోసమూ చర్చి డబ్బు దాదాపు 5 కోట్ల డాలర్లు వాడిన విషయంలో దోషులై జైలుకెళ్లారు. రక్తంలో నిజాయతీ అంటే ఇదేనా అండీ?

రక్తం కాదు, దెబ్బ. దెబ్బ తగిలాక వాళ్లు 2007లో చారిటీల చట్టం బిగించారు, చారిటీ కౌన్సిల్ పెట్టారు, పాలనా నియమావళి రాశారు. వసూళ్ల కోసం పెట్టే ఖర్చు వసూలైనదాంట్లో 30 శాతం దాటకూడదన్నారు. రెండు వేల పైచిలుకు చారిటీల వివరాలు ప్రభుత్వ పోర్టల్‌లో పెట్టారు, ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. మీ వ్యాసంలో ఉండాల్సింది ఈ ముక్క. మీరేమో మెరీనా బే భవనాల ఫొటో వేశారు.

ఇంకో ఫొటో వేసి దాని కింద "చేయిచాస్తున్న చిన్నారులు" అని రాశారు చూడండి, అక్కడ నాకు అసలు కోపం వచ్చింది. ఆ ఫొటో ఫ్లాగ్ డేది, అంటే సేవాసంస్థలు లైసెన్సు తీసుకుని వీధుల్లో విరాళాలు పోగుచేసే రోజు. మొన్న వెళ్లినప్పుడు ఓ శనివారం పొద్దున సెంగ్‌కాంగ్ స్టేషన్ మెట్ల దగ్గర స్కూలు యూనిఫారంలో ఓ పిల్ల నిలబడి ఉంది, చేతిలో సీలు వేసిన డబ్బా, మెడలో కార్డు. రెండు డాలర్ల నోటు మడిచి సందులోంచి దూర్చాను. "థాంక్యూ అంకుల్" అని స్టిక్కర్ల చుట్టలోంచి ఒకటి పీకి నా చొక్కా జేబు మీద అంటించింది. ఆ స్టిక్కర్ ఉంటే ఆ రోజంతా ఇంకెవరూ మనల్ని అడగరు. లైసెన్సు లేకుండా డబ్బా పట్టుకుని అక్కడ రోడ్డెక్కడానికే వీల్లేదు. ఇంటికొచ్చి మనవరాలి చేత ఆ సంస్థ పేరు పోర్టల్‌లో కొట్టించాను. ఏ ఏడు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, అంతా ఉంది. టీ చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ "రిటైరయినా బుద్ధి మారలేదు" అంది. ఆ పిల్ల చేసింది భిక్షాటన ఎలా అవుతుంది సార్?

అలాగని అక్కడంతా స్వర్గమని నేననను. మా అబ్బాయి జీతం చీటీలో ప్రతి నెలా 'సిండా' అని కొంత కోత ఉంటుంది, జీతాన్ని బట్టి ఒక డాలరు నుంచి 30 డాలర్ల దాకా, భారత సంతతివాళ్ల పిల్లల చదువుల కోసం 1991లో పెట్టిన సంస్థ అది. వద్దంటే ఫారం ఇచ్చి మానుకోవచ్చు, కానీ అడగకుండానే కోసేసి తర్వాత వద్దంటే చెప్పమనడం ఏం దానమో నాకర్థం కాలేదు. బుడమేరు వరదలప్పుడు వాడూ స్నేహితులూ విజయవాడకి డబ్బు పోగుచేద్దామనుకున్నారు. విదేశంలో ఖర్చుపెట్టే విరాళం జనం దగ్గర అడగాలంటే ముందు పర్మిట్ కావాలి, మినహాయింపు ఇస్తే తప్ప పోగైనదాంట్లో 80 శాతం సింగపూర్‌లోనే ఖర్చుచేయాలి అని తెలిసి మానేసి, ఎవరికి వాళ్లు ముఖ్యమంత్రి సహాయనిధికి పంపుకున్నారు. విసుక్కున్నారు కానీ లెక్క మాత్రం ఎక్కడికక్కడ తేలింది.

ప్రభుత్వానికి రుచించని మాటలు చెప్పే సంస్థలు కూడా అక్కడున్నాయి, వాటి పేరు కూడా మీ వ్యాసంలో లేదు. వలస కూలీల కోసం పనిచేసే టీడబ్ల్యూసీ2 అని ఒకటుంది. 2020 మార్చిలో, కరోనా మొదట్లో, కూలీలని డార్మిటరీల్లో కిక్కిరిసి పెడుతున్నారు, లారీల్లో కుక్కి తిప్పుతున్నారు, రోగం పాకుతుంది అని వాళ్లు అక్కడి పత్రికకి ఉత్తరం రాశారు, సరిగ్గా నేను మీకు రాస్తున్నట్టే. నెల తిరక్కుండా డార్మిటరీలకి తాళాలు పడ్డాయి, రోగం వేలమందికి అంటుకుంది. లారీలు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. పొద్దున్నే వాకింగ్‌కి వెళితే వెనక చెక్కల మీద కూర్చుని కునుకుతూ పోయే కుర్రాళ్లు కనిపిస్తారు, తమిళులు, బంగ్లాదేశ్ వాళ్లు, మనవాళ్లూ.

2015లో సింగపూర్ వాళ్లు అమరావతికి మాస్టర్ ప్లాన్ గీసిచ్చిన దగ్గర్నుంచి మనకి సింగపూర్ అంటే భవనాలే. ఆ లెక్కల పోర్టల్ ఒక్కటి ఇక్కడ పెట్టమని ఒక్క నాయకుడు, ఒక్క కలెక్టరు అడిగిన పాపాన పోలేదు. నాలుగేళ్ల కింద మా నాన్నగారి పేర మా ఊరి దగ్గర ఓ వృద్ధాశ్రమానికి ఇరవై వేలిచ్చాను. రసీదులో నాన్నగారి పేరు తప్పు రాశారు, పోనీలే అనుకున్నాను. తర్వాత జమాఖర్చులు చూపించమంటే కార్యదర్శి "మామీద నమ్మకం లేదా సార్" అని నొచ్చుకున్నాడు. రిజిస్టరైన సొసైటీ ఏటా కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకివ్వాలి కదా, ఆ ఆఫీసుకి వెళ్లాను. గుమాస్తా తలెత్తకుండా "మీరు మెంబరా?" అన్నాడు. కాదన్నాను. "మరి మీకెందుకు?" అన్నాడు. ముప్పై మూడేళ్లు అదే ప్రశ్న నేను ఎవరినీ అడగలేదే అనిపించింది.

అక్కడ కిడ్నీ గొడవ బయటపడ్డ 2005లోనే మనకి సమాచార హక్కు చట్టం వచ్చింది. సరే అదీ చూద్దామని అర్జీ పెట్టాను. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. నలభై ఒకటో రోజున రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది: ఫైలు కనబడటం లేదట. అప్పీలు చేస్తే పదో తారీఖున పదకొండింటికి రమ్మన్నారు. మా ఆవిడని క్యారేజీ కట్టమన్నాను.

ఫొటో కింద రాత మాత్రం సవరించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆడిటర్,
గుంటూరు జిల్లా