అమెరికా ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ గారికి బహిరంగ లేఖ

వాన్స్ గారూ,

2025 జూలై 1న సెనేట్‌లో ఓట్లు 50-50 దగ్గర ఆగితే, ‘వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్’ అనే పన్నులు, ఖర్చుల బిల్లు గట్టెక్కింది మీ ఒక్క ఓటుతోనే. దానితో మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా మీద బతికే లక్షలాది పేదలకు నెలకు 80 గంటల పని నిబంధన పెట్టారు. వేటు పడేది సోమరుల మీద కాదు, కాగితాలు వేళకు పెట్టలేని వాళ్ల మీద.

ఇలాంటి నిబంధనే పెట్టిన ఆర్కెన్సా రాష్ట్రంలో 2018లో ఏమైందో చూశాం కదా! పని గంటలు నమోదు చేసే వెబ్‌సైట్‌ను రాత్రి తొమ్మిదికే మూసేసేవారు. పదింటికి డ్యూటీ దిగే మనిషి ఏం చేయాలి? కొన్ని నెలల్లోనే 18 వేల మందికి పైగా బీమా పోయింది. చివరికి కోర్టు ఆపాల్సి వచ్చింది.

తలుచుకుంటే కడుపు మండుతోంది. ఈ నిబంధన రద్దు చేయించండి. అందాకా, ప్రభుత్వం దగ్గరున్న జీతాల లెక్కలు చూసుకోండి, రోగుల్ని రుజువులు అడక్కండి.